పాఠకుల ప్రశ్నలు: సైనికుల పళ్లలో యుద్ధ చరిత్ర

ప్రశ్న: నెపోలియన్ రష్యా దండయాత్రపై ఇప్పటికే లెక్కలేనన్ని పుస్తకాలు ఉన్నాయి. సేనాపతుల లేఖలు, ఉత్తర్వులు, యుద్ధ పటాలు ఏనాడో అచ్చయ్యాయి. సైనిక చరిత్రలో ఇంకా కొత్తగా పరిశోధించడానికి ఏం మిగిలి ఉంటుంది?

జవాబు: మీరు చెప్పిన లేఖలూ ఉత్తర్వులూ చాలావరకు సేనను నడిపించినవారు రాసినవి. కాలినడకన నడిచినవారిలో చాలామందికి రాయడం రాదు. వచ్చినవారిలోనూ ఎందరో తిరిగి రాలేదు. అందువల్ల కాగితాలన్నీ చదివినా సామాన్య సైనికుడు దేనివల్ల చనిపోయాడన్న ప్రశ్న సగానికి సగం అలాగే ఉండిపోతుంది. ఈనాటి పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకున్న పనే. మీరు అడిగిన దండయాత్రే అందుకు మంచి ఉదాహరణ.

1812 జూన్‌లో లక్షలాది సైనికులతో బయలుదేరిన ఆ సేన అక్టోబరులో మాస్కో విడిచి వెనుదిరిగింది. చలికీ ఆకలికీ చిక్కి శల్యమై డిసెంబరులో నేటి లిథువేనియా రాజధాని విల్నియస్ చేరుకున్నవారిలో వేలమంది అక్కడే కన్నుమూశారు. 2001లో ఆ నగరంలో నిర్మాణ పనులకు తవ్వుతుండగా 3,000 మందికి పైగా అస్థిపంజరాలున్న గుంతలు బయటపడ్డాయి. వాటి మధ్య దొరికిన యూనిఫాం గుండీలను బట్టి వారు నెపోలియన్ సైనికులని తేలింది.

మనిషి బతికున్నంతకాలం పంటి లోపలి గుజ్జుకు రక్తం అందుతూ ఉంటుంది. చనిపోయేనాటికి రక్తంలో రోగక్రిమి ఉంటే దాని డీఎన్‌ఏ ఆ గుజ్జులో చిక్కుకుంటుంది. పైనున్న పింగాణీ పొర దాన్ని శతాబ్దాల పాటు కాపాడగలదు. 2006లో 35 మంది పళ్లను పరీక్షించినప్పుడు కొందరిలో టైఫస్, మరికొందరిలో ట్రెంచ్ ఫీవర్ క్రిములు కనిపించాయి. రెండూ ఒంటిపేల ద్వారా వ్యాపించేవే. గుంతలోని మట్టిలో ఆ పేల అవశేషాలు కూడా దొరికాయి. అప్పటి పద్ధతిలో ఏ క్రిమి కోసం వెతకాలో ముందే అనుకుని, దాని కోసమే వెతికేవారు. 2025లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మరో 13 మంది పళ్లను తీసుకుని, ముందుగా ఏదీ ఊహించుకోకుండా, వాటిలోని డీఎన్‌ఏ మొత్తాన్నీ చదివారు. నలుగురిలో పారాటైఫాయిడ్ క్రిమి, ఇద్దరిలో పేల వల్లనే వచ్చే, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జ్వరం క్రిమి బయటపడ్డాయి.

పారాటైఫాయిడ్ కలుషితమైన తిండి, నీళ్ల వల్ల వస్తుంది. ఆ సేనతో నడిచిన ఒక వైద్యుడు, దారిలోని ఇళ్లలో ఉప్పులో ఊరవేసిన బీట్‌రూట్ పీపాలు కనిపిస్తే సైనికులు ఆ దుంపలు తిని, దాహానికి ఆ ఊటనే తాగేవారనీ, దానితో కడుపు పాడై విరేచనాలు పట్టుకునేవనీ రాసిపెట్టాడు. పీపాలోని ఊట వల్లే ఆ క్రిమి వచ్చిందని ఇప్పుడెవరూ రుజువు చేయలేరు. కానీ ఎప్పుడో అచ్చయి, ఎవరూ అంతగా పట్టించుకోని ఆ నాలుగు వాక్యాలను పంటి సాక్ష్యం పక్కన పెట్టి చదివితే, ఆ దాహం ఎంతటిదో కళ్లకు కడుతుంది.

ప్రశ్న: 2025 పరిశోధనలో టైఫస్ కనిపించలేదని విన్నాను. అలాగైతే టైఫస్ వల్లే సేన నాశనమైందని రాసిన పాత పుస్తకాలు తప్పేనా?

జవాబు: అలా తీర్మానించడం తొందరపాటు. ఆ 13 మందిలో టైఫస్ జాడ లేదన్నది నిజమే గాని, ఆ గుంతల్లో ఉన్నవారు 3,000 మందికి పైనే. చలి, ఆకలి, అలసటలతో పాటు ఒకటికి మించి వ్యాధులు కలిసి వారిని కబళించాయని చెప్పడమే సమంజసం.

పాత రాతకూ మట్టికీ పొత్తు కుదిరిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1485లో మూడో రిచర్డ్ రాజు నేలకొరిగిన బాస్‌వర్త్ యుద్ధం ఒక కొండ మీద జరిగిందని చాలాకాలం నమ్మారు. పాత కథనాలు మాత్రం ఒక చిత్తడి నేలను ప్రస్తావించాయి. 2005 నుంచి కొన్నేళ్లపాటు మట్టి పొరలను పరిశీలించి ఆ చిత్తడి ఎక్కడ ఉండేదో వెతుకుతూ, లోహాలను పసిగట్టే పరికరాలతో పొలాల్లో అడుగడుగూ గాలించగా, కొండకు సుమారు 3 కిలోమీటర్ల దూరంలో 30కి పైగా సీసపు గుండ్లు దొరికాయి. ఒకప్పటి చిత్తడి అంచునే, రిచర్డ్ తన అనుచరులకు ఇచ్చే అడవిపంది బొమ్మ వెండి బిళ్ల ఒకటి మట్టిలో పడి ఉంది.