ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి వచ్చిన కొత్తవాళ్ళు ఒక్క పీఆర్ పెట్టి ఎందుకు మాయమైపోతున్నారు?

ప్రాజెక్ట్ పరిచయం ఉండే రీడ్‌మీలో వెల్‌కమ్ అని రాశాం, కొత్తవాళ్ళు చెయ్యగల పనులకి గుడ్ ఫస్ట్ ఇష్యూ లేబుల్స్ పెట్టాం, అయినా ఒక పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే నేను చేసిన మార్పు మీ కోడ్‌లో కలపండి అని పంపేది) పెట్టి మళ్ళీ కనబడట్లేదు, టెలిగ్రామ్ గ్రూప్ పెడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా అని అడిగారు కదా. నేను ఒక చిన్న పైథాన్ లైబ్రరీ మెయింటెయిన్ చేస్తుంటా, ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట చూసుకునేదే, కాబట్టి మాకు పనికొచ్చినవి చెప్తా.

ముందు ఇది చూసుకోండి, వాళ్ళు పీఆర్ పెట్టాక మీ నుంచి మొదటి రిప్లై ఎప్పుడు వెళ్తోంది? బాట్ పెట్టే థ్యాంక్స్ కాదు, మనిషి రాసింది. మొజిల్లా వాళ్ళు తమ ప్రాజెక్టుల్లో చూసుకుంటే 48 గంటల్లోపు రివ్యూ వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చి కంట్రిబ్యూట్ చెయ్యడం చాలా ఎక్కువ అని తేలింది, మా దగ్గరా అంతే. మొత్తం రివ్యూ అప్పుడే చెయ్యక్కర్లేదండీ, "చూశాను, టెస్ట్ కూడా రాశారు బాగుంది, ఆదివారం కూర్చుని పూర్తిగా చదువుతా" అంటే చాలు. ఆదివారం అన్నాక ఆదివారం చూడాలి, అది వేరే సంగతి.

ఇంకోటి, మనకి వెల్‌కమ్ మెసేజ్ మీద ఉన్న శ్రద్ధ సెటప్ మీద ఉండదు. ఒకసారి భీమవరం వైపు ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒక ఎర్రర్ మెసేజ్ సరిచేసి పీఆర్ పెట్టింది. డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపించేది) తెరిస్తే ఫైల్ మొత్తం ఎర్రగా పచ్చగా ఉంది. మాలో ఒకాయన "సంబంధం లేని మార్పులు తీసెయ్యండి" అని రాసి వెళ్ళిపోయాడు, పాపం ఆ అమ్మాయి "సర్ నేను మార్చింది ఒక్క లైనే సర్" అని పెట్టింది. నిజమే, ఒక్క లైనే. విండోస్‌లో ఎడిటర్ లైన్ ఎండింగ్స్ (లైన్ చివర ఉండే కనబడని గుర్తులు) మార్చి సేవ్ చేసింది, కోడ్ మార్పుల లెక్క చూసే గిట్‌లో వాటిని సరిచేసే సెట్టింగ్ ఏమో ఆఫ్‌లో ఉంది, అందుకే ప్రతి లైనూ మారినట్టు చూపిస్తోంది. ఇది ఆ అమ్మాయి తప్పెలా అవుతుంది? రెపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్ పెట్టి అందులో ఒక్క లైన్ రాశాం, ఆ గొడవ మళ్ళీ రాలేదు. మీ కోర్ టీమ్ అంతా మ్యాక్‌లూ లినక్సూ అయితే ఇలాంటివి మీకు జన్మలో కనబడవు, అందుకని ఎవరిదైనా పాత విండోస్ లాప్‌టాప్, ఎనిమిది జీబీ ర్యామ్‌ది, తీసుకుని మీ కంట్రిబ్యూటింగ్ గైడ్‌ని మొదటి లైన్ నుంచి ఫాలో అయి చూడండి. సెటప్‌కి వాడే డాకర్ దగ్గరే సగంమంది ఆగిపోతున్నారని అర్థమవుతుంది.

రీబేస్ చెయ్యి (మీ మార్పుల్ని తాజా కోడ్ మీదకి తెచ్చుకో), కమిట్స్ స్క్వాష్ చెయ్యి (విడివిడిగా సేవ్ చేసిన మార్పుల్ని ఒక్కటిగా కలుపు) అని మొదటి పీఆర్‌కే అడగొద్దు, గిట్‌హబ్‌లో మెర్జ్ చేసేటప్పుడు స్క్వాష్ బటన్ మన చేతిలోనే ఉంది కదా. స్పేసులూ కామాలూ లాంటివి వాటిని తనంతట తానే పట్టుకునే లింటర్ టూల్‌కి వదిలెయ్యండి, అవి మనిషి చెప్తే సాధింపులా ఉంటుంది.

ఇక ఈ ఇష్యూ నాకే ఇవ్వండి అని "ప్లీజ్ అసైన్ మీ సర్" కామెంట్ పెట్టే బ్యాచ్. చిరాకే, ఒప్పుకుంటా. కొత్తవాళ్ళకి డబ్బులిచ్చి ఓపెన్ సోర్స్‌లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అప్లికేషన్ల ముందు ఇవి వరసగా పడతాయి. కానీ సర్ అంటున్నారని ఎగతాళి చెయ్యకండి, మన కాలేజీల్లో వాళ్ళకి నేర్పిందే అది. మేం పెట్టుకున్న రూల్ ఏంటంటే అసైన్ చెయ్యం, ఎవరు ముందు డ్రాఫ్ట్ పీఆర్ (ఇంకా పూర్తవని పీఆర్) పెడితే వాళ్ళదే, దాంతో ఊరికే కర్చీఫ్ వేసి వెళ్ళేవాళ్ళు తగ్గారు. అలాగే గుడ్ ఫస్ట్ ఇష్యూలో లేబుల్ ఒక్కటే పెట్టి వదిలెయ్యకుండా ఏ ఫైల్, ఏ ఫంక్షన్, ఎలా టెస్ట్ చెయ్యాలి రాయండి. లిబ్రేఆఫీస్ వాళ్ళు కొత్తవాళ్ళ కోసం పెట్టే ఈజీ హ్యాక్స్ చూడండి, కోడ్‌లో ఎక్కడ చూడాలో కూడా చెప్తారు. రాసేటప్పుడే పది నిమిషాల్లో మనమే చేసేద్దాం అనిపిస్తుంది, అక్కడ చెయ్యి ఆపుకోవాలి.

అలాగని అందరినీ నెత్తిన పెట్టుకోమనట్లేదు. ఏటా అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూషన్ల కోసం జరిగే హాక్‌టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, నాలుగు పీఆర్‌లకి టీషర్ట్ అని రీడ్‌మీల్లో ఒక్కో పదం కలిపి జనాన్ని చంపుకుతిన్నారు, చివరికి ఆ నెల మొదట్లోనే, పాల్గొంటామని ఒప్పుకున్న రెపోల్లో పెట్టినవే లెక్క అని రూల్ మార్చాల్సొచ్చింది. అలాంటివి క్లోజ్ చేసెయ్యండి, మొహమాటం వద్దు. నిజంగా కష్టపడి చేసింది వద్దనుకుంటే మాత్రం ఎందుకు వద్దో రాసి, దానికి దగ్గరగా ఉన్న వేరే ఇష్యూ లింక్ ఇవ్వండి.

టెలిగ్రామ్ గ్రూప్ పెట్టుకోండి, తప్పులేదు, ఇంగ్లీషులో నలుగురి ముందు అడగడానికి భయపడేవాళ్ళు అక్కడ తెలుగులో అడుగుతారు. కాకపోతే అక్కడ చెప్పిన జవాబు రెండ్రోజుల్లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పడి పోతుంది. అందుకే నేను అక్కడ జవాబు చెప్పి, "ఇదే ఇష్యూలో నీ మాటల్లో ఒక కామెంట్‌గా పెట్టు, ఇంగ్లీష్ ఎలా ఉన్నా పర్లేదు" అంటా. మొదట్లో ఆ ఒక్క కామెంట్‌కే నసుగుతారు, తర్వాత వేరేవాళ్ళ డౌట్లకి వాళ్ళే రిప్లైలు ఇచ్చేస్తుంటారు.