ఆ చివరి వాక్యం కొట్టెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

సోషల్ మీడియాలో పెడదామని నువ్వు రాసి పంపిన పోస్టులన్నీ చదివాను. గుంటూరు మిర్చి యార్డులో పని చేసి వచ్చిన మీ అమ్మ గురించి రాసినది మాత్రం మళ్లీ మళ్లీ చదివాను. రోజంతా తొడిమలు తీసిన చేతులు మండుతున్నాయి. మనవడు ఎత్తుకోమని వస్తే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. అది చదివి నా గొంతు పట్టేసింది. దాని కిందే ‘జీవితం కూడా మిర్చి లాంటిదే, ఘాటు ఉంటేనే రుచి’ అని ఒక సూక్తి, ఆ కింద వరసగా హ్యాష్‌ట్యాగులు! నిజంగా కోపం వచ్చింది. ఇంత మంచి చూపు ఉన్న పిల్లవి, దాన్ని నమ్ముకోకుండా ఎక్కడిదో సూక్తి తెచ్చి అతికించడమేమిటి?

చూసింది చెప్పు, అక్కడే ఆగు. నేను గట్టిగా నమ్మేది ఇదే. శతకాల్లో నీతి లేదా అని అడుగుతావేమో. శతకకారుడు నీతి చెప్పడానికే కూర్చున్నాడు. నువ్వు మీ అమ్మను చూపించడానికి కూర్చున్నావు. శతకం నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అందులో ప్రతి పద్యమూ ముక్తకం, ముందూ వెనకా చదవకపోయినా నిలబడుతుంది. పోస్టు కూడా అలా నిలబడాలి. ‘1/9, ఇంకా ఉంది’ అంటూ వచ్చే థ్రెడ్లు నాకు గిట్టవు. వ్యాసం రాయాలనుంటే వ్యాసమే రాయి, ముక్కలు చేసి పంచకు.

నా కుర్రతనంలో వారపత్రికలు కార్డు కథలు వేసేవి. పోస్టుకార్డు మీద ఎంత పడితే అంతే కథ. చదువురాని ముసలమ్మకు కొడుకు ఉత్తరం చదివి వినిపిస్తూ పోస్ట్‌మ్యాన్ మధ్యలో ఒక లైను వదిలేస్తాడు, అంతటితో కథ అయిపోతుంది. అలా రాసి పంపాను. అచ్చులో చూస్తే చివర నాది కాని వాక్యం ఉంది: ‘అబద్ధం కూడా ఒక్కోసారి దయే’. ఎందుకు చేర్చారని అడిగితే, పాఠకుడికి అర్థం కాదేమోనని అన్నాడు ఆ ఎడిటర్. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. పాఠకుణ్ణి అంత తక్కువగా చూసేవాడికి పత్రిక ఎందుకు? ఇవాళ ఆ పని ఎడిటర్ చెయ్యక్కర్లేదు, లైకుల కోసం రాసేవాళ్లే చేసుకుంటున్నారు.

చోటు సంగతి కూడా చూడు. 2006లో మొదలైన ట్విట్టర్ తొలినాళ్లలో 140 అక్షరాలే ఇచ్చేది. ఎస్సెమ్మెస్‌లో పట్టే 160లో 20 యూజర్‌నేమ్‌కి వదిలారు. 2017లో దాన్ని 280 చేశారు. ట్విట్టర్ పేరు ఎక్స్‌గా మారాక కూడా మామూలు అకౌంట్‌కు అంతే. తెలుగులో గుణింతం గుర్తుకు ఒకటి, ఒత్తుకు రెండు లెక్కవేస్తారు. ‘స్త్రీ’ అని రాస్తే ఆరు అయిపోతాయి. మొత్తం మీద 35 మాటలు పడితే గొప్ప. నీ సూక్తి ఒక్కటే 44 అక్షరాలు తినేసింది! అంత చోటులో మీ అమ్మ ఆ తర్వాత ఏం చేసిందో రాయొచ్చు. కొబ్బరినూనె రాసుకుందా, మజ్జిగలో చేతులు ముంచిందా? పిల్లాడు ఏడ్చాడా? నాకు అది తెలుసుకోవాలని ఉంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసిన ఆ రెండు పోస్టులూ తెలుగులో మళ్లీ రాసి పంపు. అలా ఉంటే నేను చదవను.

అకౌంట్ ఎక్కడ తెరవాలన్నావు. నీ మాట వినే నలుగురు ఎక్కడుంటే అక్కడ తెరువు. ఏ యాప్‌నూ శాశ్వతం అనుకోవద్దు. తెలుగులో రాసుకోవడానికి ట్విట్టర్ లాంటి మన దేశపు యాప్ ‘కూ’ వచ్చిందని ఎంతోమంది సంబరపడ్డారు, అది 2024 జూలైలో మూతపడింది. అందుకే రాసిన ప్రతిదీ తేదీ వేసి నోట్‌బుక్‌లోనో, ఫోన్‌లో విడిగా ఒక ఫైలులోనో పెట్టుకో. ఈసారి నాకు ఆ ఫైలే పంపు. స్క్రీన్‌షాట్లు వద్దు తల్లీ, ఆ చిన్న అక్షరాలు నా కళ్లకు ఆనడం లేదు.