ఇరవై లీటర్ల డీజిల్ ఉండి కూడా చలిమంట వెయ్యలేకపోయాం

ప్రశ్న: వానలో తడిసిపోయి చలిలో అడవిలో ఇరుక్కుంటే అర్జెంటుగా మంట ఎలా వెయ్యాలి? దానికి ఏ ఫైర్ స్టార్టర్ కొంటే మంచిది?

ఏదీ కొనకండి. సరదా ఉంటే కొనుక్కోండి, మీ డబ్బులు మీ ఇష్టం, కానీ అది జేబులో ఉంది కదా మంట వచ్చేస్తుంది అని మాత్రం బయల్దేరకండి. నా దగ్గర లైటరు, అగ్గిపెట్టె, సంచీడు బనియన్ వేస్టు (మిషన్లు తుడిచే గుడ్డపీలికలు), వీటన్నిటి మీద ఇరవై లీటర్ల డీజిల్ క్యాను ఉండి కూడా గంటన్నర పాటు మంట వెయ్యలేక చేతులెత్తేసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

2018 డిసెంబర్ 17, సోమవారం. పెథాయ్ తుఫాను ఆ మధ్యాహ్నమే కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. నేనప్పుడు సెల్ టవర్ల మెయింటెనెన్స్ చేసేవాణ్ణి, విశాఖ మన్యంలో చింతపల్లి వైపు టవర్లన్నీ నావి. జీకే వీధి (గూడెం కొత్తవీధి) దాటాక సప్పర్ల వైపు ఒక సైటు పొద్దున్నుంచీ డౌన్, కరెంటు లేదు, బ్యాటరీ బ్యాంకు ఖాళీ, డీజీలో, అంటే జనరేటర్లో, డీజిల్ లేదు. తుఫాన్లో వెళ్ళమంటారా సార్ అంటే, తుఫాన్లోనే కదా నెట్‌వర్క్ కావాల్సింది అని ఫోన్లో ఏసీ రూములోంచి జవాబు. రెయిన్‌కోటు ఇవ్వరు, బైకు మనదే, పెట్రోలు మాత్రం కిలోమీటర్ల లెక్కన. సర్లెండి, అది వేరే కథ, మొదలుపెడితే ఆగదు.

నేనూ, మా ఫిల్లర్ కుర్రాడూ (జనరేటర్లలో డీజిల్ పోసేవాడు, పంతొమ్మిదేళ్ళు, మనిషి గడకర్రలా ఉంటాడు, ఒంటి మీద కండ లేదు) డీజిల్ క్యాను వెనకాల తాళ్ళతో కట్టుకుని బయల్దేరాం. సైటు ఇంకో నాలుగు కిలోమీటర్లు ఉందనగా గెడ్డ (కొండవాగు) కల్వర్టు మీంచి పారుతోంది. సరే వెనక్కి పోదామని తిప్పితే వచ్చిన దారిలో చెట్టు పడిపోయుంది. సాయంత్రం నాలుగున్నర, సిగ్నల్ లేదు (ఉండదు, మేం బాగుచెయ్యడానికి వెళ్తున్న టవరే అది), ఇద్దరం లోపలి బనియన్ దాకా తడిసిపోయాం.

ఇక్కడో మాట. మా చింతపల్లి పక్కనుండే లంబసింగి అనగానే అందరూ సున్నా డిగ్రీలు, గడ్డి మీద మంచు అనుకుంటారు, ఆరోజు అలాంటిదేం లేదు, మబ్బు పట్టిన రాత్రి అంత కిందకి పడిపోదు కూడా. కానీ తడి బట్టలూ గాలీ కలిస్తే పది పన్నెండు డిగ్రీలకే మనిషి అయిపోతాడు. మావాడు ముందు పళ్ళు కటకటలాడించాడు, తర్వాత మాట ముద్దగా వచ్చింది, తర్వాత వణుకు తగ్గిపోయి "నిద్దరొత్తంది అన్నా, కాసేపు పడుకుంటాను" అన్నాడు. వణుకు తగ్గింది కదా పర్లేదేమో అనుకున్నాన్నేను, ఎంత వెధవనో చూడండి. వణకడం ఆగిపోవడమే అసలు డేంజరు, ఒంట్లో వేడి పుట్టించే ఓపిక అయిపోయిందని అర్థం. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

రోడ్డు పక్కన పెద్ద బండ ఒకటి ముందుకి వాలి ఉంటే దాని కిందకి చేరాం. కింద పడున్న కర్రలన్నీ ఏరి కుప్ప పోసి, మూత తిప్పి డీజిల్ పోసి, అగ్గిపుల్ల గీసి పడేశా. సినిమాల్లో భగ్గుమంటుంది కదా. ఇక్కడ పుల్ల డీజిల్లో పడి, నీళ్ళలో పడ్డట్టు చుయ్ మని ఆరిపోయింది! ఇంకోటి, ఇంకోటి, అన్నీ అంతే. పెట్రోలు అయితే చల్లగా ఉన్నా ఆవిరి లేస్తూనే ఉంటుంది, అందుకే దూరం నుంచి కూడా అంటుకుని మొహం కాల్చేస్తుంది, దయచేసి మంట మీద అది మాత్రం పొయ్యకండి. డీజిల్ అలా కాదు, బాగా వేడెక్కితే గానీ అంటుకోదు, లేదా దీపంలో నూనెకి ఒత్తి కావాలన్నట్టు దీనికీ ఒత్తి కావాలి. అది గుర్తొచ్చి బనియన్ వేస్టు డీజిల్లో ముంచి అంటించా. అంటుకుంది, నల్లటి పొగతో పావుగంట మండింది, హమ్మయ్య అనుకునేలోపు వేస్టూ డీజిలూ అయిపోయి ఆరిపోయింది, కింద కర్రలు చూస్తే పైన మసి, లోపల తడి. మళ్ళీ పోశా, మళ్ళీ అదే. రెండు లీటర్లు అలా తగలెట్టా.

అంటే నిప్పు లేక కాదు. తడి కర్రలో నీళ్ళన్నీ ఆవిరైపోయేదాకా ఆ కర్ర నూరు డిగ్రీలు దాటదు, అంటుకోవాలంటే మూడొందలకి అటూ ఇటూ కావాలి. మీరు పెట్టే మంటంతా నీళ్ళు మరగబెట్టడానికే పోతుంది. యూట్యూబ్‌లో ఆ ఫెర్రో రాడ్డు అనే లోహపు కడ్డీ గీకి మూడువేల డిగ్రీల నిప్పురవ్వలు అని చూపిస్తారు చూడండి, రవ్వ ఎన్ని వేల డిగ్రీలైతే ఏంటండీ, అది పడేచోట పొడి సరుకు లేకపోతే? వాళ్ళు చూపించే దూదీ పుల్లలూ ముందురోజు ఎండబెట్టుకున్నవి, వెనకాల ఎండ కూడా కనిపిస్తూ ఉంటుంది.

చీకటి పడుతుండగా అటుగా ఒక ముసలమ్మ వచ్చింది, నెత్తిన అడ్డాకుల గిడుగు, వెనకాల గొడ్డలితో మనవడు, తప్పిపోయిన ఆవు కోసం తిరుగుతున్నారట. ఆ హోరు వానలో ఆవిడ ముక్కులోంచి పొగ వస్తోంది! అడ్డపొగ. మా వైపువాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకి చెప్తున్నా, చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అది మంచి అలవాటు అనట్లేదు, అంగిలికి క్యాన్సర్ వస్తుంది, ఎవరూ మొదలెట్టకండి. కానీ అంత వానలో నిప్పు తడవకుండా దాచుకోవడానికి నోటిని మించిన చోటు లేదని ఆరోజే అర్థమైంది.

నా కుప్పని చూసి ఒకటే నవ్వు. "ఏటి బాబూ, నూనెతో కర్రలు కడుగుతున్నావేటి?"

"మామ్మా, కుర్రాడు అదోలా అయిపోతున్నాడు, కాస్త చూడవా" అన్నా.

వాణ్ణి ఒకసారి చూసి నవ్వు ఆపేసింది. మనవడికి ఒడియాలో ఏదో చెప్పి, నాతో "నేలమీద పడున్న కర్ర నీరు తాగేత్తది బాబూ, నిలబడి సచ్చిన కర్రని కొట్టాల" అంది. ఆ కుర్రాడు ఎండిపోయిన వెదురు రెండు గడలు, చెట్టుకి వేలాడుతున్న ఎండు కొమ్మ ఒకటి లాక్కొచ్చాడు. పైకి అవీ తడిగానే ఉన్నాయి. గొడ్డలితో నిలువునా చీల్చితే లోపల పిండిలా పొడి! ముసలమ్మ చీల్చిన ముక్క తీసుకుని చెంపకి ఆనించి చూసేది, చల్లగా తగిలితే పక్కన పడేసేది, లేకపోతే ఒళ్ళో పెట్టుకునేది. చేతివేళ్ళు మొద్దుబారితే తడి తెలీదు, చెంపకి తెలుస్తుంది. వెదురుని అగ్గిపుల్లంత సన్నంగా చీల్చింది, కొన్నిటికి చెక్కు తీసి కొసదాకా తెగకుండా వదిలేస్తే పువ్వులా విచ్చుకున్నాయి. తడినేల మీద కాకుండా మూడు లావు ముక్కలు పక్కపక్కన పరిచి దాని మీద పేర్చింది. నేను గెడ్డలోంచి రాళ్ళు తెచ్చి చుట్టూ పెట్టబోతే వద్దంది, నానిన రాయి వేడికి పగిలి మొహాన పడుద్దట.

అప్పుడు బొడ్లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో గోధుమరంగు నూగు, జీలుగు చెట్టు మట్ట మొదట్లో ఉంటుంది చూడండి, అది. కల్లు గీసేవాళ్ళందరికీ తెలుసు. నోట్లోంచి చుట్ట తీసి ఎర్రటి కొస ఆ నూగుకి నొక్కి, దోసిట్లో పట్టుకుని ఊదింది. మనం ఉఫ్ఫుమని దీపం ఆర్పినట్టు ఊదుతాం, ఆవిడ పాల మీద మీగడ పక్కకి జరుపుతున్నట్టు మెల్లగా, పొడుగ్గా. నూగు ఎర్రబడింది, వెదురు పువ్వు అంటుకుంది, మనవడు గిడుగు దాని మీద గొడుగులా పట్టుకున్నాడు. నేను ఆత్రం కొద్దీ లావు కర్ర ఒకటి పెట్టబోతే చేతి మీద ఒక్కటేసింది. "ఉగ్గు తాగే బిడ్డకి కూడు ముద్ద పెడతావేటి?" అగ్గిపుల్లంతవి, తర్వాత వేలంతవి, తర్వాత మణికట్టంతవి, మిగతా తడి కర్రలు మంట చుట్టూ ఆరబెట్టి ఒక్కోటి లోపలికి. కర్రలకి పట్టింది అరగంట, అంటించడానికి రెండు నిమిషాలు. మావాడి తడిచొక్కా విప్పించి ఆవిడ దుప్పటి చుట్టింది, కాసేపటికి వాడు మళ్ళీ వణకడం మొదలెట్టాడు, ఆ వణుకు చూసి నాకు ఏడుపొచ్చింది. రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాం, వేడి చోడంబలి (రాగి అంబలి) ఇచ్చారు.

ఇప్పుడు నేను బైకులో ఏం పెట్టుకుంటానంటే, చిన్న కత్తి, లైటరు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు, హారతి కర్పూరం. ట్యూబు వానలో కూడా మండుతుంది, కంపు కొడుతుంది, దాని మీద వంట చెయ్యకండి. కర్పూరం తడిసినా తుడిచి వెలిగిస్తే వెలుగుతుంది, నీళ్ళ మీద వేసినా తేలుతూ మండే సరుకు అది. కాకపోతే మూత గట్టిగా లేకపోతే సామెతలో చెప్పినట్టే హరించుకుపోతుంది, మా అమ్మ మిరియాలు వేసి ఉంచుతుంది, నేను మాత్రల డబ్బాలో వేసి టేపు చుడతా. అగ్గిపెట్టెల మీద నమ్మకం పెట్టుకోకండి, 2021 డిసెంబర్లో రూపాయి పెట్టె రెండు రూపాయలైంది, గీస్తే సగం పుల్లలకి తల ఊడిపోవడం మాత్రం మారలేదు. లైటరు చక్రం తడిస్తే తుడిచి, చంకలో పెట్టుకుని కాస్త వెచ్చబెట్టి గీకండి. ఇవేవీ మీకు పొడి కర్ర తెచ్చిపెట్టవు, దానికి కత్తీ ఓపికా కావాలి.

ఈమధ్య లంబసింగి వెళ్తే టెంటు ముందు డీజే, కట్టెలకి పెట్రోలు, అది ఆరిపోతే ఇంకాస్త పెట్రోలు, తెల్లారేసరికి కాఫీ తోటల్లో ప్లాస్టిక్ గ్లాసులు. ఇంకొందరు మంట అయిపోయాక నిప్పులు తట్టలో వేసుకుని టెంటులోకి తీసుకెళ్ళి జిప్పు వేసుకుంటున్నారు, బాబూ ఆ పని మాత్రం చెయ్యకండి, ఆ నిప్పుల్లోంచి వచ్చే విషవాయువుకి వాసన కూడా తెలియకుండా నిద్రలోనే పోతారు.

అన్నట్టు, మర్నాడు మధ్యాహ్నం సైటుకి వెళ్ళి డీజీ స్టార్ట్ చేశాం. నెలాఖరుకి రిపోర్టులో రెండు లీటర్లు తేడా ఎందుకొచ్చిందని అడిగారు. చలిమంటకి పోశాం సార్, అంటుకోలేదు అని రాశా. ఫొటో ఉందా, లొకేషన్ స్టాంపుతో ఉండాలి అన్నారు. లేదన్నా. నా జీతంలో కోసుకున్నారు.