కల్లం ఊడ్చాక రాయాల్సిన లెక్క

చిన్నోడా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ పిన్ని నన్ను దులిపేసింది. "పిల్లాడు అంత బాధలో ఉంటే ఊ, ఊ అనడం తప్ప ఒక్క మాట చెప్పలేకపోయావా" అని. నాకు ఫోన్లో మాటలు రావని నీకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం. తీరిక చేసుకుని చదువు.

"అంతా మన మంచికేలే" అన్నందుకు మీ మామయ్య మీద విరుచుకుపడ్డావని మీ అమ్మ బాధపడుతోంది. ఆ విషయంలో నేను నీ పక్షమే. 4 ఎకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసి, ఎకరానికి రెండున్నర లక్షల చొప్పున 10 లక్షలు పెట్టావు. ఎకరానికి 18 క్వింటాళ్లు పండించావు, తక్కువేం కాదు. 72 క్వింటాళ్లు 11 వేల లెక్కన 7 లక్షల 92 వేలు వచ్చాయి. పోయింది 2 లక్షల 8 వేలు. అందులో మంచి ఎక్కడుందో మీ మామయ్యకే తెలియాలి. నష్టాన్ని నష్టమనే పిలువు. దానికి పసుపు రాసి బొట్టు పెట్టి పూజ చెయ్యమని నేను చెప్పబోవడం లేదు. ఉగాది పచ్చడి కథ కూడా చెప్పను, అది ఏటా టీవీలో వింటూనే ఉన్నావు.

నేను చెప్పేది ఒక లెక్క గురించి. దాన్ని 1988లో మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో తెలియాలంటే ముందు నా మంచి రోజుల గురించి చెప్పాలి.

అప్పట్లో మనవైపు పత్తిని తెల్ల బంగారం అనేవాళ్లు. ఈ ఇంటికి స్లాబు వేసింది, మీ పిన్నికి గాజులు చేయించింది పత్తి డబ్బుతోనే. పురుగు కనబడితే మందు, కనబడకపోతే ముందుజాగ్రత్తకి మందు. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్లు పొద్దున కొడితే సాయంత్రానికి పురుగు రాలి కింద పడేది. నా అంత రైతు లేడనుకున్నాను. ఊళ్లో పదిమందికి సలహాలు కూడా ఇచ్చేవాణ్ణి. ఈ దిగుబడిలో నా తెలివెంత, మందెంత, వానెంత అని ఒక్కసారి కూర్చుని ఆలోచించిన పాపాన పోలేదు. లాభమొచ్చిన ఏడు ఎవడు ఆలోచిస్తాడు?

1987లో శనగపచ్చ పురుగు దిగింది. మందు కొట్టాను, చావలేదు. డోసు పెంచాను, చావలేదు. రెండు మందులు కలిపి కొట్టాను. మొత్తం ఇరవైసార్లు పైనే కొట్టి ఉంటాను. ఒకరోజు కాయ చీల్చి చూస్తే లోపల పురుగు నిమ్మళంగా తింటూ ఉంది, కాయ మీద నా మందు తడి ఇంకా ఆరనే లేదు. ఆ మందులకు పురుగు అప్పటికే అలవాటు పడిపోయిందని, దాన్ని తినే మిత్ర పురుగుల్ని మనమే చంపుకున్నామని వ్యవసాయ శాఖవాళ్లు తర్వాత చెప్పారు. అంటే నా మంచి రోజుల్లోనే ఈ చెడ్డ రోజు తయారవుతూ ఉందన్నమాట. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఇళ్లలో ఏం జరిగిందో నువ్వు వినే ఉంటావు. వివరంగా రాయడం నాకిష్టం లేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మీ నాన్న వచ్చాడు. మా వసారాలో మిగిలిపోయిన మందు డబ్బాలు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. "ఇక్కడ ఎలుకలు ఎక్కువగా ఉన్నాయిరా, మా కొట్టంలో పెడతా" అని అన్నిటినీ గోనెసంచిలో వేసి, సైకిలు వెనక కట్టుకుని పోయాడు. తాళం కూడా వేసుకున్నాడట. ఎలుకలు మందు డబ్బాల్ని ఏం చేసుకుంటాయని నాకు తట్టనే లేదు. తర్వాత నెల రోజులు మా అరుగు మీదే పడుకున్నాడు. ఇంట్లో ఉక్కగా ఉందిరా అనేవాడు. అది జనవరి.

పదేళ్ల తర్వాత ఏదో మాటల్లో మీ అమ్మ అసలు సంగతి చెప్పింది. నవ్వబోయి నవ్వలేకపోయాను.

ఇప్పుడు నువ్వే చెప్పు. నేను శనగపచ్చ పురుగుకి కృతజ్ఞతలు చెప్పాలా? అది నన్ను "మంచి రైతును" చేసిందని దండం పెట్టాలా? పురుగు పురుగే. అది రాకుండా ఉంటే నాకు ఇంకా హాయి. నేను రుణపడింది సైకిలు మీద గోనెసంచి కట్టుకుపోయిన మనిషికి. ఈ తేడా తెలియక జనం చెడ్డ కాలానికే దండాలు పెడుతుంటారు, లేకపోతే మీ మామయ్యలా మాట్లాడతారు.

ఆ ఉగాదికి గుంటూరులో ఒక పొడుగు లెక్కల పుస్తకం కొన్నాను. పంట అయిపోయి, కూలీల డబ్బు, కౌలు, మందుల కొట్టు బాకీ తేలాక ఒక రాత్రి కూర్చుంటాను. నేను చేసింది ఏమిటి, నా చేతిలో లేనిది ఏమిటి, ఎవరెవరు ఆదుకున్నారు, ఇవి రాస్తాను. మూడు పేజీలు దాటదు. మీ పిన్ని పక్కన కూర్చుని నేను మర్చిపోయినవి గుర్తు చేస్తుంది, ముఖ్యంగా నా తప్పులు. ఆవిడకి జ్ఞాపకశక్తి ఎక్కువ. ప్రతి ఏటికీ చివర ఒక పేజీ ఖాళీగా వదులుతాను. మీ నాన్న సంగతి 1988 పేజీలో పదేళ్లు ఆలస్యంగా ఎక్కింది కదా, అలాంటివాటి కోసం.

నువ్వు మాత్రం ఇప్పుడే రాయకు. ఇప్పుడు కలం పడితే తిట్లు తప్ప ఏమీ రావు. ముందు ఇవ్వాల్సిన డబ్బులు ఇచ్చెయ్. రేటు పడిపోయిందని తెలిసి, కర్నూలు వైపు నుంచి కోతకొచ్చిన ముఠా మేస్త్రమ్మ చివరి కోత కూలీ నెలాఖరుకి పంపమందని నువ్వే చెప్పావు. పంపావా? పంపకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడు. పిల్లల్ని చెట్ల నీడన పడుకోబెట్టి, ఏప్రిల్ ఎండలో ఘాటుకి ముక్కు చీదుకుంటూ నీ కాయ కోసినవాళ్లు నీకంటే ఉన్నవాళ్లేం కాదు. కృతజ్ఞత మనసులో ఉంటే చాలనేవాళ్లని నేను నమ్మను. ఫోన్లో రెండు చేతుల బొమ్మ పెట్టడం అసలే వద్దు. డబ్బు పంపి, చేరిందో లేదో కనుక్కుని, వచ్చే ఏడు మళ్లీ వాళ్లనే పిలువు.

తర్వాత పుస్తకం తీసినప్పుడు ఈ ఏడాదితో మొదలుపెట్టకు. నిరుటితో మొదలుపెట్టు. నీకు లాభం వచ్చిన ఏడు.

కలిమిలేములు కావడి కుండలంటారు. లేమి కుండ బరువు అందరికీ తెలుస్తుంది. రెండోది కూడా అదే భుజం మీద ఉందని గుర్తుండదు. నిరుడు మన సొంత 2 ఎకరాల్లో తేజ రకం మిర్చి వేసి, నాలుగు డబ్బులు కళ్లచూసి, కొత్త బండి కొన్నావు. కొనుక్కో, వయసులో ఉన్నావు. కానీ ఆ లాభం ఎక్కడిది?

2021లో నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నావు. ఇక్కడ నల్ల తామర పురుగు దిగింది. మిరప పువ్వు తెంపి అరచేతిలో దులిపితే మిరియాల పొడి చల్లినట్టు ఉండేది, చూస్తుండగా ఆ పొడి కదిలేది. పువ్వులోనే కాపురం, పూతంతా రాలిపోయేది. గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా తోటలు పాడైపోయాయి. చాలామంది పీకేసి వేరే పైర్లు వేసుకున్నారు. సరుకు తగ్గింది, రేటు లేచింది. 2023లో గుంటూరు యార్డులో తేజ క్వింటాలు 20 వేలు దాటిందంటే దాని వెనక ఎక్కడో ఒక రైతు కళ్లనీళ్లతో తోట పీకేసిన రోజు ఉంది. ఆ రేటు చూసి అందరూ మిర్చి వేశారు. నువ్వు ఉద్యోగం మానేసి వచ్చావు. మొదటి ఏడు ఆ రేటు నిన్ను కూడా మోసింది. అందరూ వేస్తే ఏమవుతుందో మొన్న 2025 ఫిబ్రవరిలో చూశాం, రేటు పడిపోయి చివరికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ధర కట్టాల్సి వచ్చింది.

నీ కష్టం లేదని కాదు. కానీ లాభంలో నీ కష్టం వాటా ఎంతో, ఇంకొకరి నష్టం వాటా ఎంతో నిరుడు రాసుకుని ఉంటే, కౌలుకి ఒకేసారి 4 ఎకరాలు తీసుకునేవాడివి కాదేమో. ఆ మాట నీతో అనాల్సింది నేను. పిల్లాడి సంతోషం ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను. ఈ ఏడు నా పుస్తకంలో మొదటి తప్పు అదే.

ఈ పుస్తకం వల్ల లాభమేంటని అడుగుతావు. నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఊరంతా రోజు విడిచి రోజు మందు కొడుతున్నారు. నాకూ కాళ్లూ చేతులూ ఆడలేదు, కొట్టుకి బయల్దేరాను. మీ పిన్ని "ముందు పుస్తకం చూడు" అంది. 1988 పేజీలో నా చేతిరాతే: "మందుకి పురుగు చావకపోతే ఇంకో మందు కొనొద్దు. ఆగి చూడు." ఆగాను. నీలిరంగు జిగురు అట్టలు కట్టాను, వేపనూనె కొట్టాను. తోట బతికిందని అబద్ధం చెప్పను. ఎకరన్నర పీకి శనగ వేశాను, ఉంచిన ఎకరంలో 6 క్వింటాళ్లే వచ్చాయి. కానీ మందుల కొట్లో నా బాకీ పక్క చేనువాళ్ల దాంట్లో మూడోవంతు కూడా లేదు. 1987లో పోగొట్టుకున్నదానికి నాకు 34 ఏళ్ల తర్వాత కాస్త ముట్టింది.

పాఠం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "మిర్చి జోలికి ఇక చచ్చినా పోను" అన్నావు ఫోన్లో. అది భయం. పాఠమైతే వచ్చే జూలైలో చేతికి ఒక పని చెప్పాలి. నీకు కనబడేవి నేను రెండు చెబుతాను, మిగతావి నువ్వు వెతుక్కో. ఒకటి, కౌలు భూమికి పంట సాగుదారు హక్కు పత్రం, అదే కౌలు రైతుగా నిన్ను గుర్తిస్తూ ప్రభుత్వం ఇచ్చే కాగితం, తీసుకోలేదు. అది 11 నెలల గడువుకే ఇస్తారు, యజమాని హక్కుకి దానివల్ల ఏ ఢోకా లేదు. ఆయన సంతకం పెడతాడో లేదోనని మొహమాటపడి అడగనే లేదు నువ్వు. రెండు, ఉన్న భూమంతా ఒకే పంట. కనీసం ఎకరం వేరే ఏదైనా వేసి ఉండాల్సింది.

బాగా చేసినవి కూడా రాయాలి, సిగ్గుపడకు. రంగు పోయిన తాలు కాయలు ఏరించావు, నేల మీద కాకుండా పట్టాల మీద ఎండబెట్టావు. యార్డులో నీ మచ్చు గుప్పిట్లో నలిపి, గింజ గలగలా మోగితే కమిషన్ కొట్టు గుమాస్తా "ఎవరి సరుకిది" అని నన్నడిగాడు. మా అన్న కొడుకుదన్నాను. రేటు లేని ఏడు కూడా సరుకు అలా చేసినవాడివి నువ్వు. ఆ పేజీ రేపు రేటు బాగున్న ఏడు చదువుకుంటే ఇంకా పనికొస్తుంది.

ఇంకోటి. కృతజ్ఞత పేరు చెప్పి అన్యాయాన్ని మింగకు. నాకు ఒక ఏడు నాసిరకం విత్తనం అంటగట్టారు, చెట్టు నడుము దాకా పెరిగి కాయ పట్టలేదు. "పోనీలే, అనుభవం వచ్చింది" అన్నారు అందరూ. బిల్లులు, ఖాళీ ప్యాకెట్లు సంచిలో వేసుకుని వ్యవసాయ అధికారి చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. పోయినదాంట్లో సగం వచ్చింది. అనుభవం ఎలాగూ వచ్చింది, డబ్బు కూడా వస్తే తప్పేముంది?

మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించకు, ఆయనకు ఇలాంటివి నచ్చవు. 37 ఏళ్లలో నేను ఆయనకి రుణపడ్డానన్న మాట నోరు తెరిచి అనలేదు. ఏటా మొదటి కోతలో మంచి పండుమిర్చి ఏరి రెండు కిలోలు పచ్చడికి మీ ఇంటికి పంపుతాను. ఎందుకో ఆయనకు తెలుసు. తెలియనట్టే ఉంటాడు, ఉప్పు ఎక్కువైందని మీ అమ్మ మీద విసుక్కుంటాడు.

ఆదివారం నేను వస్తున్నాను. ఇద్దరం కలిసి కౌలు ఆసామి దగ్గరికి వెళ్లి, పత్రం సంగతి, ఈ ఏటి కౌల్లో ఏమైనా తగ్గిస్తాడేమో మాట్లాడదాం. ఈలోపు ఏ రాత్రయినా నిద్రపట్టకపోతే ఎన్ని గంటలైనా ఫోన్ చెయ్. మాటలు రాకపోయినా ఊ కొడతాను.

అన్నట్టు, మీ కొట్టంలో మిగిలిన మందు డబ్బాలన్నీ ఒక గోనెసంచిలో వేసి ఉంచు. వచ్చినప్పుడు నేను తీసుకెళ్తాను. అక్కడ ఎలుకలు ఎక్కువయ్యాయని మీ నాన్న చెప్పాడు.

మీ బాబాయ్