చిన్న ఫైబర్ బోటుకు లంగరు తాడు, గొలుసు ఎలా ఎంచుకోవాలి?

ఒడిశా గంజాం జిల్లా సోనాపూర్ దగ్గర బాహుదా నది మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి వేటకెళ్లే 28 అడుగుల బోటుకు ఏ తాడు, ఎంత గొలుసు కావాలి, ఎలా దాచాలి అని అడిగారు.

తాడు నైలాన్‌దే తీసుకోండి. కెరటం బోటును ఎత్తి లాగినప్పుడు అది సాగి కుదుపును తట్టుకుంటుంది, నీళ్లలో మునుగుతుంది. చౌకగా దొరికే పాలీప్రొపిలీన్ తాడు పైకి తేలుతుంది, పక్క బోటు ఫ్యానుకు (ప్రొపెల్లర్‌కు) చుట్టుకుంటుంది. 12 మి.మీ. మందమైతే చేతికి పట్టు కూడా దొరుకుతుంది.

గొలుసు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. లంగరుకూ తాడుకూ మధ్య 8 మి.మీ. గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) గొలుసు బోటు పొడవంత ఉండాలి. దాని బరువుకు లంగరు కాడ నేలకు ఆని ఉంటుంది, అప్పుడే కొక్కెం ఇసుకలో దిగుతుంది. అడుగున రాళ్లుంటే ఆ ఒరిపిడి కూడా తాడుకు బదులు గొలుసు మీద పడుతుంది.

తాడు, గొలుసు కలిపి ఎంత వదలాలంటే, లోతు 10 మీటర్లు (దాదాపు ఆరు బారలు), నీటి నుంచి అణియం (బోటు ముందు భాగం) ఎత్తు ఒక మీటరు, మొత్తం 11. దానికి ఏడు రెట్లు, అంటే 77 మీటర్లు. సముద్రం నిమ్మళంగా ఉండి కాసేపు ఆగడానికైతే ఐదు రెట్లు చాలు. రాత్రి నిద్రపోయేటప్పుడు అలా చేయకండి.

గొలుసును లంగరుకు కలిపే షాకిల్ (ఇనుప కొండీ) పిన్ను బిగించాక సన్న తీగతో కట్టేయండి, లేకపోతే కుదుపులకు వదులై ఊడిపోతుంది.

ఒడ్డుకొచ్చాక రెండూ మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండకు తాడు పెళుసుబారుతుంది. చిల్లులున్న చేపల క్రేటులో ముందు తాడు, పైన గొలుసు పెట్టండి. తాడు చివర బోటు కడియానికి ఎప్పుడూ కట్టే ఉండాలి.