పాత అడ్వెంచర్ గేమ్‌ల తరహాలో మనమూ ఒకటి చేయొచ్చా? నల్గొండ నుంచి నా జవాబు

ప్రశ్న: ‘కింగ్స్ క్వెస్ట్’ లాంటి పాత అడ్వెంచర్ గేమ్‌ల (కథలో తిరుగుతూ పజిళ్లు విప్పే గేమ్‌ల) మీద ఇష్టంతో అభిమానులు చేసే గేమ్‌లు ఆడదగ్గవేనా? మనమూ అలాంటిది చేయాలంటే కుదురుతుందా?

ఆడదగ్గవే. కొన్నయితే అసలు గేమ్ కన్నా బాగుంటాయి. చేయడం కూడా కుదురుతుంది, కాకపోతే కోడింగ్ కన్నా ఓపిక ఎక్కువ కావాలి. నేనూ మా చిన్నమ్మ కొడుకూ కలిసి అలాంటి చిన్న గేమ్ ఒకటి చేశాం కాబట్టి చెప్తున్నా.

ముందు ఆడే సంగతి. మొదటి కింగ్స్ క్వెస్ట్ 1984 నాటిది, సియెర్రా కంపెనీలో రాబర్టా విలియమ్స్ తయారుచేసింది. ఏం చేయాలన్నా ఇంగ్లిష్‌లో టైప్ చేయాలి, అడుగు తప్పితే చావే. అందులో ఒక మరుగుజ్జు పేరు కనిపెట్టాలి. దానికి ఇంగ్లిష్ అక్షరమాల తిరగేసి, ‘ఎ’ బదులు ‘జడ్’, ‘బి’ బదులు ‘వై’ పెట్టుకుంటూ పేరు రాయాలట! అది ఎవరికి తడుతుంది చెప్పండి. ఈ గేమ్‌నే 2001లో ఏజీడీ ఇంటరాక్టివ్ అనే అభిమానుల బృందం 256 రంగుల్లో, మౌస్‌తో ఆడుకునేలా మళ్లీ చేసి ఉచితంగా ఇచ్చింది. 2002లో రెండో భాగానికి వచ్చేసరికి కథే చాలావరకు మార్చేశారు. పాతదాంట్లో మూడు తలుపులకు మూడు తాళంచెవులు వెతకడం తప్ప పెద్దగా ఏమీ లేదు. వీళ్లు పాత్రలకు వెనక కథలు అల్లారు. మీరు మొదలుపెడితే ఈ రెండో భాగంతోనే మొదలుపెట్టండి.

అయితే అసలు కంపెనీ పాత్రలతో గేమ్ చేస్తే హక్కులవాళ్ల దయ మీద బతకాల్సిందే. కింగ్స్ క్వెస్ట్ అభిమానులే చేసిన ‘ది సిల్వర్ లైనింగ్’ను 2005లో ఒకసారి, 2010లో ఇంకోసారి హక్కుదారు కంపెనీలు ఆపించాయి. చివరికి ఒప్పుకున్నాక 2010 జూలైలో మొదటి భాగం బయటికొచ్చింది. నింటెండో కంపెనీ పాత గేమ్ ‘మెట్రాయిడ్ 2’ను ఒక అభిమాని ఏళ్ల తరబడి కష్టపడి మళ్లీ చేసి 2016లో విడుదల చేస్తే, నింటెండో వెంటనే డౌన్‌లోడ్ లింకులు తీయించేసింది. అందుకే రాజునీ రాజ్యాన్నీ వాళ్లకే వదిలేసి, ఆడించే తీరు మాత్రం తెచ్చుకోండి.

మేం చేసింది అదే. రాజు లేడు, కోట లేదు. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. నల్గొండను ఆనుకునే ఉంటుంది, కుందూరు చోళుల కాలం నాటిది, మూడు గర్భాలయాల గుడి. ఒక గర్భాలయంలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా అక్కడే ఉంటుంది. ఏ స్తంభం నీడ అని వెతుక్కుంటూ వెళ్లి ఒకదాని పక్కన నిలబడినా మన నీడ అందులో పడదు. అది ఒక్క స్తంభం పని కాదు, స్తంభాల సందుల్లోంచి పక్కల నుంచి వచ్చే వెలుగంతా కలిసి చేసే పని. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అయినా, గేమ్ చేద్దామనుకున్నప్పుడే ఇది పెద్ద పజిల్ అని వెలిగింది.

మా గేమ్‌లో కుర్రాడు ఆ నీడను కాసేపు మాయం చేయాలి. ఆడేవాళ్లు ముందు ప్రతి స్తంభం మీదా క్లిక్ చేస్తారు, ఏమీ కాదు. బయట ఉదయసముద్రం చెరువు కట్ట మీద గొర్రెలు కాసే తాతకు చుట్ట వెలిగించి పెడితే గొంగడి ఇస్తాడు. దాన్ని ఒక పక్క స్తంభాల సందుకు అడ్డం కడితే నీడ పలచబడుతుంది అంతే. రెండో పక్కకు కూడా ఏదో ఒకటి అడ్డం కట్టాలని అప్పుడు తడుతుంది. అంటే తప్పు ప్రయత్నం కూడా ఒక గుర్తు ఇవ్వాలి. మరుగుజ్జు పేరు పజిల్‌లో లేనిది ఇదే.

అసలు చాకిరీ పజిల్ కాదు, జవాబులు రాయడం. మా మేనత్త కూతురికి ఆడమని ఇస్తే గొంగడి తీసుకుని కనబడ్డ ప్రతిదాని మీదా పెట్టింది. నందికి కప్పింది, పూజారికి ఇచ్చింది, చెరువులో ముంచింది. అన్నిటికీ ‘అది కుదరదు’ అని ఒకటే వస్తుంటే విసుగొచ్చి లేచిపోయింది. ఆ తర్వాత కూర్చుని ఒక్కోదానికి ఒక్కో మాట రాశాం. నందికి కప్పితే ‘దానికి చలి పెట్టట్లేదు బిడ్డా, నీకు పెడుతున్నట్టుంది’ అని పూజారి అంటాడు. ఆడినవాళ్లు నవ్వింది ఇక్కడే, పజిల్ విప్పినప్పుడు కాదు.

ఇక పనిముట్టు. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అని ఇలాంటి గేమ్‌లు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, క్రిస్ జోన్స్ 1997లో మొదలుపెట్టింది, ఉచితం. ఏజీడీ వాళ్లు వాడిందీ ఇదే. నేర్చుకోవడం కష్టం కాదు. తెరను 320x200 చుక్కలకే పెట్టుకోండి, తప్పులు కనబడవు. గుడి ఫొటో తీసి కుదించి పెట్టాలని చూడకండి, చెక్కడాలన్నీ అలుక్కుపోతాయి. నాలుగు గీతలతో చేత్తో గీసిందే నయం.

తెలుగు మాటల దగ్గరే మాకు టెన్షన్ పట్టుకుంది. మేం వాడినప్పుడు ఫాంట్ పెట్టినా ఒత్తులు కింద కూర్చోలేదు. ‘స్తంభం’ అని కొడితే సకారం మీద పొల్లు వచ్చి, ‘తంభం’ విడిగా పక్కన పడింది. చివరికి ప్రతి డైలాగ్‌నీ బొమ్మగా తయారుచేసి పెట్టాం. ఒక్క అక్షరం మార్చాలన్నా బొమ్మ మళ్లీ చేయాలి. కాబట్టి డైలాగులన్నీ ముందు కాగితం మీద తేల్చుకుని, ఒకరిద్దరికి చదివి వినిపించాకే కంప్యూటర్ ముందు కూర్చోండి. మొదటి గేమ్‌కు ఒక గుడి, ఒక చెరువు కట్ట, ముగ్గురు మనుషులు చాలు.