ఆరబెట్టేటప్పుడు కప్పు పిడి దగ్గర, అడుగున బీటలు ఎందుకు వస్తాయి?

మీరు చేసిన కప్పులు రెండు రోజులు బాగానే ఉండి, ఆ తర్వాత పిడి మొదట్లోనో అడుగునో బీట వస్తోందని, త్వరగా ఆరాలని ఫ్యాన్ కింద పెడుతున్నానని రాశారు. మట్టి నాసిరకమేమో అని కూడా అడిగారు. మట్టిని అప్పుడే తిట్టకండి. నా మొదటి కప్పులు సగానికి పైగా ఇలాగే పోయాయి. రెండుసార్లు మట్టి కూడా మార్చి చూశాను, లాభం లేకపోయింది. నా విషయంలో తప్పంతా ఫ్యాన్‌ది.

తడి పోయేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది. చాలా రకాల మట్టి ఆరేసరికే నూటికి అయిదారు పాళ్లు తగ్గుతుంది, అంటే పది సెంటీమీటర్ల కప్పు అర సెంటీమీటరు పైనే చిన్నదవుతుంది. అంతటా ఒకేసారి తగ్గితే గొడవ లేదు. కానీ అంచు, పిడి పలచగా ఉంటాయి, వాటికి అన్ని వైపులా గాలి తగిలి ముందే బిగుసుకుంటాయి. అడుగు మందం, పైగా బల్లకు కరుచుకుని ఉంటుంది. అది తీరిగ్గా కుంచించుకోబోయేసరికి చుట్టూ ఉన్న గోడ రానివ్వదు. ఆ పెనుగులాటలో ఎక్కడో ఒకచోట చీలుతుంది. కాబట్టి నెమ్మదిగా ఆరడం కన్నా సమంగా ఆరడం ముఖ్యం.

ఇప్పుడు నేను కప్పును పలచటి ప్లాస్టిక్ కవరుతో వదులుగా కప్పుతాను. కింద చెక్క, దానిమీద న్యూస్‌పేపర్. కాగితం ఉంటే అడుగు కుంచించుకునేటప్పుడు జారడానికి వీలుంటుంది. అంచు తన ఆకారం నిలుపుకునేంత గట్టిపడగానే బోర్లిస్తాను, అప్పుడు అడుగుకు గాలి ఆడుతుంది. కవరు లోపల నీటి చుక్కలు పట్టి, అవి అంచు మీద పడితే అక్కడ మళ్లీ మెత్తబడుతుంది. అందుకే రోజుకోసారి కవరు తిరగేస్తాను. ఈ చిన్న పని నాకెవరూ చెప్పలేదు, నాలుగు కప్పుల అంచులు పాడయ్యాకే తెలిసింది.

ఇక పిడి. నేను మూడు రోజులు ఆరిన కప్పుకు అప్పుడే చేసిన మెత్తటి పిడి అంటించేదాన్ని. అది ఎలా నిలుస్తుంది? రెండూ ఒకే తడిలో ఉండాలి. గోరుతో నొక్కితే గుర్తు పడాలి, చేత్తో పట్టుకుంటే వంగకూడదు. దాన్నే లెదర్ హార్డ్ అంటారు. అంటించే చోట రెండువైపులా ఫోర్కుతో గట్టిగా గీరి, అదే మట్టిని నీళ్లలో చిక్కటి గుజ్జులా కలిపి రాసి, ఆ గుజ్జు పక్కలకు పొంగేదాకా కొంచెం కదుపుతూ నొక్కండి. ఆ రాత్రంతా కవరు బిగించి ఉంచితే తడి సర్దుకుంటుంది. తర్వాత కూడా పిడికి మాత్రం విడిగా ఒక ప్లాస్టిక్ పీలిక చుట్టి ఉంచుతాను.

కుమ్మరి సారె మీద చేసినదైతే, అడుగు బీట ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా ఉందేమో చూడండి. అలా ఉంటే తిప్పేటప్పుడు అడుగును వేళ్లతో అణచకపోవడమో, లోపల నీళ్లు నిలవనివ్వడమో కారణం అయ్యుంటుంది. అడుగును వేళ్లతో అణచి, నీళ్లు స్పాంజితో తీసేయండి, సరిపోతుంది.

పూర్తిగా ఆరిందో లేదో రంగు చూసి చెప్పలేం. చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఒకసారి తొందరపడి అలాంటిదే కిల్న్‌లో, అంటే కప్పులు కాల్చే బట్టీలో, పెట్టేశాను. పేలి, పక్కనున్న రెండింటిని కూడా తీసుకుపోయింది. గాలి బుడగ వల్ల పేలిందని అందరూ అన్నారు గానీ అసలు దోషం నీటిది. లోపల చిక్కుకున్న నీరు వంద డిగ్రీలు దాటగానే ఆవిరై పగలగొడుతుంది. అందుకే మొదట వందకు లోపే కొన్ని గంటలు ఉంచుతారు.

ఎండినా ఇంకా కాల్చని కప్పును ఎప్పుడూ పిడి పట్టి ఎత్తకండి. చూడ్డానికి గట్టిగా ఉన్నా బిస్కెట్‌లా విరుగుతుంది. రెండు చేతులూ అడుగున పెట్టి తీయండి. ఈ దశలో వచ్చిన బీటను గుజ్జుతో పూడ్చినా కాల్చేటప్పుడు చాలాసార్లు మళ్లీ తెరుచుకుంటుంది, అందుకే నేను పూడ్చను. ముక్కలు నీళ్లలో వేసేస్తాను. పూర్తిగా ఎండినదైతే ఇట్టే కరుగుతుంది, సగం ఆరినది రోజులు గడిచినా ముద్దగానే ఉంటుంది. కాబట్టి ముందు బాగా ఎండనివ్వండి. ఎండిన ముక్కల్ని పొడి కొట్టకండి, బల్ల మీద దుమ్మును చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.